కంటిలో పువ్వు ఎలా పూస్తుంది: ఫంగస్ పుండులో రోగనిరోధక వ్యవస్థ పాత్ర

చెన్నైలో ఎవరి కన్ను ఎర్రబడినా ముందుగా వినిపించే మాట ‘మద్రాస్ ఐ’. 1918లో ఈ నగరంలో గుర్తించిన కండ్లకలకకు అంటుకున్న ఆ పేరు వందేళ్లు దాటినా వదలలేదు. పెరంబూరులోనో రెడ్‌హిల్స్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సైతం కండ్లకలక అనే సొంత మాటను పక్కనపెట్టి ఆ పేరునే వాడుతుంటాయి. ఎర్రబడిన కళ్లలో అత్యధికం వారం పది రోజుల్లో వాటంతట అవే తేటపడతాయి కాబట్టి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కలు వేసుకుని ఊరుకోవడం అలవాటుగా మారింది. చాలామందికి ఆ అలవాటు వల్ల వచ్చే నష్టమేమీ కనబడదు. కానీ కోతల్లో వడ్ల ఊక ఎగిరి పడిన కన్ను, చెరకు ఆకు అంచు గీసుకున్న కన్ను, కట్టడం దగ్గర ఇసుక జల్లిస్తుండగా నలుసు పడిన కన్ను మూడు నాలుగు రోజుల తరువాత ఎర్రబడితే, అది కలక కాకపోవచ్చు. సూళ్లూరుపేట, నాయుడుపేట, నగరి, పుత్తూరు వైపుల నుంచి రైలెక్కి చెన్నై కంటి ఆసుపత్రులకు చేరే రోగుల్లో ఇటువంటి కళ్లతో వచ్చేవారు ఉంటారు. వాళ్లలో కొందరి నల్లగుడ్డు మీద అప్పటికే బూడిద రంగు మచ్చ ఏర్పడి ఉంటుంది.

ఆ మచ్చ చివరికి ఏమవుతుందో చెప్పడానికి తెలుగులో ఒక పాత మాట ఉంది: కంటిలో పువ్వు పూసింది అంటారు. తమిళులు కూడా పువ్వు పడింది అనే అంటారు. నల్లగుడ్డు మీద శాశ్వతంగా మిగిలిపోయే ఆ తెల్లని మచ్చను చూసి, రోగి కుటుంబం అది బూజే, అంటే ఫంగసే అనుకుంటుంది, మందుతో కడిగితే పోతుందని ఆశపడుతుంది. నిజానికి పువ్వు పూసే నాటికి అక్కడ బూజు ఉండదు. అది చచ్చి చాలా రోజులై ఉంటుంది. మిగిలినది దాన్ని చంపడానికి శరీరం చేసిన పని తాలూకు శిథిలం, ఆ శిథిలాన్ని పూడ్చడానికి శరీరమే వేసుకున్న అతుకు. ఫంగస్ వల్ల చూపు పోయిందని చెప్పడం తప్పు కాదు గాని, అది సగం మాటే. మిగిలిన సగం రోగనిరోధక వ్యవస్థ గురించినది. ఈ రెండవ సగం అర్థం కాకపోతే చికిత్స ఎందుకంత నిదానంగా సాగుతుందో, కొన్ని చుక్కల మందులు ఎందుకంత ప్రమాదకరమో అర్థం కాదు.

ఫంగస్ వల్ల కార్నియాకు, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరకు, పుండు పడుతుందని వైద్యశాస్త్రం గుర్తించి 150 ఏళ్లు కూడా కాలేదు. 1879లో జర్మన్ నేత్రవైద్యుడు థియోడర్ లేబర్, ధాన్యం నూర్చేటప్పుడు ఓట్ల పొట్టు తగిలి కన్ను దెబ్బతిన్న ఒక వ్యవసాయ కూలీలో ఆస్పర్జిల్లస్ అనే బూజును చూసి రాశాడు. ఓట్లకు బదులు వరి అని మార్చుకుంటే ఆ వర్ణన నెల్లూరు జిల్లాకో తంజావూరుకో నేటికీ సరిపోతుంది. 2021లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా కొత్త కేసులు వస్తున్నాయి, వాటిలో 8 నుంచి 11 శాతం మందికి కన్నే తీసివేయవలసి వస్తోంది. బరువంతా ఆసియా, ఆఫ్రికా ఉష్ణ మండలాల మీదే పడుతోంది. చల్లని దేశాల్లో కార్నియా పుండు అంటే ముందుగా బాక్టీరియానే అనుమానిస్తారు. మదురైలో 434 మంది కార్నియా పుండు రోగులను పరిశీలించి 1997లో వెలువరించిన అధ్యయనంలో మాత్రం, కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగిన కేసుల్లో ఫంగస్ వాటా, బాక్టీరియా వాటా దాదాపు సమానంగా తేలాయి. ఫంగస్‌లలో ఫ్యుసేరియం మొదటి స్థానంలో, ఆస్పర్జిల్లస్ రెండవ స్థానంలో ఉన్నాయి. రెండూ మట్టిలో, కుళ్లే ఆకుల్లో, గాలిలో నిత్యం ఉండేవే. ఇది పొలం పనివారికే పరిమితమైన జబ్బని అనుకోవడానికి కూడా వీల్లేదు. 2005, 2006 సంవత్సరాల్లో సింగపూర్, అమెరికా వంటి చోట్ల కాంటాక్ట్ లెన్సు వాడేవారిలో ఫ్యుసేరియం పుండ్లు గుంపుగా బయటపడ్డాయి, ఒక్క అమెరికాలోనే 164 కేసులు ధ్రువపడ్డాయి.

రక్తం చేరని చోటు

కార్నియా మందం అర మిల్లీమీటరు కన్నా కొద్దిగా ఎక్కువ. లోపలికి వచ్చే వెలుతురును వంచి కేంద్రీకరించే శక్తిలో మూడింట రెండు వంతులు దానిదే, తక్కువ వాటా లోపలి కటకానిది. ఆ పొర గాజులా కనబడటానికి కారణం అందులోని కొల్లాజెన్ పోగుల అమరిక. చర్మంలోనూ స్నాయువుల్లోనూ ఉండేది ఇదే కొల్లాజెన్ అయినా, కార్నియాలో పోగులన్నీ సమానమైన సన్నదనంతో, సమానమైన ఎడంతో, మగ్గం మీద సాగదీసిన పడుగు దారాల్లా పేర్చినట్టు ఉంటాయి. ఆ ఎడం చెడితే వెలుతురు చెల్లాచెదురవుతుంది, అద్దం కాస్తా తెల్ల గుడ్డ అవుతుంది. ఈ పొరలో రక్తనాళాలు ఉండవు. ఉంటే చూపుకు అడ్డం వచ్చేవి. ఆహారం వెనుకనున్న ద్రవం నుంచి, ప్రాణవాయువు ముందున్న కన్నీటి పొర గుండా గాలి నుంచి అందుతాయి. రక్తనాళాలు ఇక్కడికి పాకకుండా కార్నియాయే ఒక అణువును తయారు చేసుకుని, నాళాలను పెంచే సంకేతాన్ని మధ్యలోనే పట్టి ఉంచుతుందని, వేలూరులో పుట్టిన నేత్ర పరిశోధకుడు బాలమురళి అంబటి, సహచరులు 2006లో చూపారు. మానటీ అనే నీటి జంతువు కార్నియాలో ఆ అణువు ఉండదు, అందుకే దాని కార్నియాలో సహజంగానే నాళాలు కనిపిస్తాయట.

రక్తం చేరని చోటికి రక్తంలోని కాపలా కణాలు కూడా సులువుగా చేరవు. 1948లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ కుందేళ్ల కంటి ముందు గదిలోనూ మెదడులోనూ పరాయి చర్మపు ముక్కలను నాటి, కొన్ని చోట్ల శరీరం పరాయిదాన్ని తిరస్కరించడంలో మెతకగా ఉంటుందని గమనించాడు. వాటికి రోగనిరోధక మినహాయింపు గల స్థలాలు అనే అర్థంలో పేరు స్థిరపడింది. మినహాయింపు అంటే అక్కడ చట్టమే లేదని కాదు. ఉద్రేకాన్ని తగ్గించే రసాయనాలు కంటి లోపలి ద్రవంలో ఉంటాయి, ఆవేశంతో వచ్చిన కణాలకు మరణ సంకేతం ఇచ్చే అణువులు కంటి కణజాలాల మీద ఉంటాయి. చూపు నిలవాలంటే ఇక్కడ కొట్లాట జరగకూడదన్నది ఆ ఏర్పాటు వెనుకనున్న అర్థం. పరాయి మనిషి కార్నియాను అమర్చినా చాలా సందర్భాల్లో కన్ను ఒప్పుకోవడానికి అదే కారణం. మెడవార్ పరిశోధన వెలువడిన 1948లోనే, 1819లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో డాక్టర్ ఆర్.ఇ.ఎస్. ముత్తయ్య మన దేశంలో తొలి కార్నియా మార్పిడి చేశారు. ఇంగ్లండ్‌లో జరిగిన ఆలోచనకూ మద్రాసులో జరిగిన కోతకూ ముడి లేదు గాని, రెండూ ఆధారపడిన గుణం ఒక్కటే.

ఆ గుణమే ఫంగస్ విషయంలో చిక్కు తెస్తుంది. మెతకదనం ఉన్న చోట బూజు పడితే, శరీరం ఊరుకుంటే బూజు కన్నును తినేస్తుంది. ఊరుకోకపోతే పడుగు దారాల అమరిక చెడుతుంది.

లోపల జరిగేది

ఫంగస్ బీజాలు రోజూ కంటి మీద పడుతూనే ఉంటాయి. రెప్పపాటు వాటిని తుడిచేస్తుంది. కన్నీటిలో సూక్ష్మజీవుల గోడలను కరిగించే లైసోజైమ్, వాటికి అవసరమైన ఇనుమును అందకుండా పట్టి ఉంచే లాక్టోఫెర్రిన్, అంటుకోనివ్వని యాంటీబాడీలు ఉంటాయి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది కార్నియా మీది పైపొర. ఐదారు వరుసల కణాలతో బిగుతుగా అల్లుకున్న ఆ పొర చెక్కుచెదరకుండా ఉంటే బీజం మొలకెత్తడానికి చోటు దొరకదు. ఊక గీత ఆ పొరను చీల్చినప్పుడు, గీసిన వస్తువే తన మీదున్న బీజాలను లోపల వదిలిపోతుంది.

ఆస్పర్జిల్లస్ బీజం మొదట్లో ఎవరి కంటా పడదు. దాని గోడలో బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది, మన కాపలా కణాలు ఫంగస్‌ను గుర్తుపట్టేది చాలావరకు దాని ఆధారంగానే. కానీ నీరు అంటని ఒక సన్నని ప్రోటీన్ తొడుగు, దాని కింద ముదురు రంగు పదార్థం ఆ చక్కెరను కప్పి ఉంచుతాయి. నిద్రాణంగా ఉన్నంతసేపు బీజం ముసుగు వేసుకున్నట్టే. మొలకెత్తడానికి ఉబ్బినప్పుడు తొడుగు పగిలి చక్కెర బయటపడుతుంది. అప్పుడు కార్నియాలో పలుచగా ఉండే మాక్రోఫేజ్ అనే కాపలా కణాల మీది డెక్టిన్-1 అనే గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. ఆ కణాలు ఐఎల్-1 వంటి సంకేతాలను వెలువరిస్తాయి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉన్న రక్తనాళాల గోడలు వదులై, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా కార్నియాలోకి దూరుతాయి. రోగి గమనించే ఎరుపు ఆ అంచున ఉబ్బిన నాళాలది. వైద్యుడు స్లిట్ ల్యాంప్ అనే పరికరంలో చూసే బూడిద రంగు మచ్చలో, దాని ఈకల వంటి అంచుల్లో ఫంగస్ తంతువులతో పాటు ఈ కణాలు కిక్కిరిసి ఉంటాయి. నల్లగుడ్డు వెనుక అడుగున పేరుకునే చీము కూడా ఇవే కణాల కుప్ప.

న్యూట్రోఫిల్స్‌ను పిలవడం, అవి వచ్చాక చంపడం ఒకటే పని అనిపిస్తుంది గాని, ఎలుకల మీద 2010లో వచ్చిన ఒక పరిశోధన ఈ రెంటినీ విడదీసి చూపింది. డెక్టిన్-1 లేని ఎలుకల కార్నియాకు న్యూట్రోఫిల్స్ తగినన్ని రాలేదు, బూజు పెరిగింది. టీఎల్ఆర్-4 అనే మరో గ్రాహకం లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ మామూలుగానే వచ్చాయి, అయినా బూజు పెరిగింది. అంటే వచ్చినవన్నీ పని చేస్తాయన్న హామీ లేదు. మనుషుల విషయంలో మదురైలోని అరవింద్ ఆసుపత్రి, అమెరికా పరిశోధకులు కలిసి రోగుల కార్నియాల నుంచి తీసిన నమూనాలను పరిశీలించి 2011లో ఇచ్చిన నివేదిక, తొలి దశలో పుండులోని కణాల్లో అత్యధికం న్యూట్రోఫిల్స్ అని, ఆస్పర్జిల్లస్ అయినా ఫ్యుసేరియం అయినా శరీర స్పందన దాదాపు ఒకే తీరుగా ఉందని తేల్చింది. నాలుగేళ్ల తరువాత అదే పరిశోధక వర్గం మరో ఆసక్తికరమైన సంగతి చెప్పింది: జబ్బు లేని ఆరోగ్యవంతులను తీసుకున్నా, దక్షిణ భారతంలో ఉండేవారి న్యూట్రోఫిల్స్‌లో ఐఎల్-17 అనే సంకేత పదార్థం అమెరికాలో ఉండేవారి కన్నా ఎక్కువగా కనిపించింది. ఇక్కడి గాలిలో నిత్యం తేలే బీజాలే ఈ కణాలను ముందుగా సిద్ధం చేసి ఉంచుతున్నాయని పరిశోధకుల ఊహ. ఎలుకల్లో అటువంటి న్యూట్రోఫిల్స్ ఫంగస్‌ను మరింత సమర్థంగా చంపాయి కూడా. పొలం గట్టు మీద బతికే మనిషి రక్తానికి ఆ పొలంలోని బూజుతో ముందే పరిచయం ఉంటుందన్నమాట.

న్యూట్రోఫిల్ ఒక బీజాన్ని మింగగలదు. మొలకెత్తి పొడవుగా సాగిన తంతువును మింగలేదు, అది తనకన్నా ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి దాని పక్కన చేరి, తనలోని విషాలను బయటికి వెళ్లగక్కుతుంది. ప్రాణవాయువు నుంచి పుట్టే తీవ్రమైన రసాయనాలు వాటిలో ప్రధానమైనవి. వాటిని తయారు చేసే ఎంజైము లోపించిన ఎలుకల్లో బూజు అడ్డు లేకుండా పెరిగిపోయింది. జింకును పట్టి ఉంచే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్ ఫంగస్‌ను ఆకలికి గురిచేస్తుంది. వీటితో పాటు ఎలాస్టేజ్, కొల్లాజినేజ్ వంటి కణజాలాన్ని కోసే ఎంజైములు కూడా బయటపడతాయి. ఇక్కడే అసలు నష్టం మొదలవుతుంది. ఆ ఎంజైములకు ఫంగస్ గోడ, కార్నియా కొల్లాజెన్ అనే తేడా ఉండదు. ఫంగస్ కూడా తన వంతు ఎంజైములను వదులుతుంది గాని, కార్నియా కరిగిపోవడంలో మన కణాల వాటా చిన్నది కాదు. కాలిలో ముల్లు గుచ్చుకుని చీము పడితే ఇదే జరుగుతుంది, కొంత కండ కరుగుతుంది, మచ్చ పడుతుంది, కాలు నడుస్తుంది. అర మిల్లీమీటరు గాజు పొరకు ఆ వెసులుబాటు లేదు. ఎక్కువ కరిగితే రంధ్రం పడి కన్ను చిట్లుతుంది. తక్కువ కరిగితే, చుట్టూ ఉన్న కణాలు మచ్చ కణాలుగా మారి ఆ గుంటను పూడుస్తాయి, కానీ కొత్త కొల్లాజెన్‌ను పాత వరుసలో పేర్చడం వాటికి చేతకాదు. అదే పువ్వు. దానితో పాటు అంచు నుంచి రక్తనాళాలు లోపలికి పాకితే, కార్నియాకు పుట్టుకతో వచ్చిన మినహాయింపు కూడా పోతుంది.

ఫంగస్ చచ్చినంత మాత్రాన ఈ వ్యవహారం ఆగదు. చచ్చిన తంతువుల గోడలోనూ బీటా గ్లూకాన్ ఉంటుంది, డెక్టిన్-1 బతికినదా చచ్చినదా అని విచారించదు. అందుకే సరైన మందు పడిన తరువాత కూడా ఎరుపు, నొప్పి కొన్ని వారాలు కొనసాగవచ్చు. ఆ దశలో రోగి సహనం కోల్పోయి మందు మార్చడం, మరో వైద్యుడిని వెతుక్కోవడం, లేదా ఎవరో చెప్పిన ‘వెంటనే తెల్లబరిచే’ చుక్కలను వేసుకోవడం జరుగుతుంది.

తెల్లబరిచే చుక్క

ఆ చుక్కల్లో తరచుగా ఉండేది స్టెరాయిడ్. డెక్సామెథసోన్ వంటివి యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తాయి. చట్టం ప్రకారం వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు, కానీ చీటీ అడగని దుకాణాలకు కొదువ లేదు. స్టెరాయిడ్ చేసే పని సూటిగా చెప్పాలంటే, పైన వివరించిన పిలుపును నొక్కేయడం. న్యూట్రోఫిల్స్ రాక తగ్గుతుంది, నాళాలు ముడుచుకుంటాయి, రెండు రోజుల్లో కన్ను తెల్లబడుతుంది, నొప్పి తగ్గుతుంది. మందు పని చేసిందనే రోగి నమ్ముతాడు, అది నమ్మకం మాత్రమే కాదు, అతని అనుభవం కూడా. ఈలోగా అడ్డు లేని తంతువులు కార్నియా పొరల మధ్య దారి చేసుకుని లోతుకు పోతాయి. కార్నియా వెనుకనున్న గదిని చేరిన ఫంగస్‌ను చుక్కల మందు అందుకోవడం చాలా కష్టం. కంచే చేను మేసిందన్న సామెత కార్నియా పుండుకు నిజంగానే వర్తిస్తుంది, కానీ మేస్తోందని కంచెను పీకేస్తే ఊరి పశువులన్నీ చేలో పడతాయి.

మరి మోతాదు చూసి, సమయం చూసి కంచెను కాస్త సర్దలేమా అన్న ప్రశ్న వైద్యులు వేసుకోనిది కాదు. బాక్టీరియా పుండ్ల విషయంలో 500 మంది రోగులతో జరిగి 2012లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టి రెండు రోజులయ్యాక స్టెరాయిడ్ కలిపినా మూడు నెలల నాటి చూపులో మొత్తం మీద తేడా రాలేదు, నొకార్డియా అనే ఒక రకం పుండ్లలో నష్టం కూడా కనబడింది. బాక్టీరియాను గంటల్లో చంపే మందులున్న చోటే ఫలితం ఇంత సందిగ్ధంగా ఉంటే, వారాల తరబడి మొండికేసే ఫంగస్ దగ్గర ఆ సాహసానికి ఆధారం లేదు. ఊరి చిట్కాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నందివర్ధనం పూల రసం, ఆముదం, చనుబాలు కంట్లో వేయడం, నాలుకతో నలుసు తీయించడం ఇంకా వినబడుతూనే ఉన్నాయి. నలుసు తీసేవారి నైపుణ్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. చీలిన పైపొర మీద నోటిలోని, ఆకుల మీది సూక్ష్మజీవులను తెచ్చి పెట్టడమే అందులోని ముప్పు.

అదే పైపొర గురించి తమిళనాడు గ్రామాల్లో జరిగి 2006లో వెలువడిన ఒక అధ్యయనం చిత్రమైన పాఠం నేర్పింది. కంటికి గీత పడిన వెంటనే గ్రామ కార్యకర్తలు కొందరికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటుతో పాటు ఫంగస్ మందు కూడా ఇచ్చారు, మిగిలినవారికి యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చారు. రెండు వర్గాల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, దాదాపు అందరి గీతలూ పుండు కాకుండా మానాయి. ఫంగస్‌ను చంపని మందుతో ఫంగస్ పుండు ఎలా ఆగింది? పైపొర రెండు మూడు రోజుల్లో పూడుకుపోతే, లోపల చిక్కిన కొద్దిపాటి బీజాలను శరీరం సద్దు లేకుండా తనే తుడిచేస్తుందన్నది సహజంగా తోచే వివరణ. రోగనిరోధక వ్యవస్థ చేసే మంచి పని ఎక్కువగా ఇలా కంటికి కనబడని స్థాయిలోనే జరుగుతుంది. చీము కనబడేంత పని చేయవలసి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

కంచే లేనప్పుడు

2021 వేసవిలో మరో రకం ఫంగస్ తెలుగు, తమిళ ఇళ్లలో అందరి నోటా నానింది. బ్లాక్ ఫంగస్ అని పిలిచిన మ్యూకర్‌మైకోసిస్ కార్నియాకు వచ్చేది కాదు. ముక్కు, సైనసుల్లో మొదలై కంటి గూటిలోకి పాకుతుంది. ఆ మే నెలలో దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపవలసిన జబ్బుల్లో చేర్చాలని కేంద్రం రాష్ట్రాలను కోరింది, జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. కార్నియా పుండు కథకు ఇది తిరగేసిన రూపం. అదుపు తప్పిన మధుమేహంలో న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి, రక్తం ఆమ్లత పెరిగితే ప్రోటీన్ల పట్టు జారి ఇనుము ఫంగస్‌కు అందుబాటులోకి వస్తుంది, కోవిడ్‌కు ఇచ్చిన స్టెరాయిడ్లు ఒకవైపు చక్కెరను పెంచుతూ మరోవైపు కాపలాను తగ్గించాయి. అడ్డు లేని మ్యూకర్ నేరుగా రక్తనాళాల గోడల్లోకి చొరబడి వాటిని గడ్డలతో మూసేస్తుంది. కంటి తెరకు రక్తం ఇచ్చే ధమని మూసుకుపోతే చూపు గంటల్లో పోతుంది. అక్కడ చూపు తీసేది వాపు కాదు, రక్తం అందక జరిగే మరణం. కార్నియా పుండు ఎక్కువగా ఒళ్లు గట్టిగా ఉన్న రైతుకూలీని, మ్యూకర్ ఎక్కువగా కాపలా సన్నగిల్లిన రోగిని పట్టుకోవడం ఇందువల్లే. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, కషాయాలు అమ్మేవారు ఈ తేడాను పట్టించుకోరు. కార్నియాలో కొరత రోగనిరోధక శక్తిది కాదు, దాని గురిది.

మందు, కత్తి, మళ్లీ అదే ప్రశ్న

చికిత్స మొదలవ్వాలంటే ముందు జబ్బును గుర్తించాలి. పుండు అంచును గీకి గాజు పలక మీద పరచి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, మన కణాలు కరిగి ఫంగస్ తంతువులు బయటపడతాయి. నిమిషాల్లో, తక్కువ ఖర్చులో అయ్యే ఈ పరీక్ష అన్ని కంటి క్లినిక్కుల్లోనూ జరగకపోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విచారకరమైన విషయం.

తేలిన తరువాత వాడే మొదటి మందు నాటమైసిన్ 5 శాతం చుక్కలు. 1950లలో దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఈ పాత మందు ఫంగస్ కణపు పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటుంది. దీన్ని కొత్త మందు వొరికొనజోల్‌తో పోల్చి 323 మంది రోగులతో మన దేశంలో జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కొత్తది లోతుకు చొచ్చుకుపోతుంది కాబట్టి అదే గెలుస్తుందని చాలామంది భావించారు, కానీ నాటమైసిన్ పడిన కళ్లలో చూపు మెరుగ్గా నిలిచింది, కార్నియా చిల్లుపడటం తగ్గింది. ఫ్యుసేరియం పుండ్లలో తేడా మరీ స్పష్టం. నోటి ద్వారా వొరికొనజోల్ కలిపి ఇచ్చినా మొత్తం మీద అదనపు ప్రయోజనం లేదని 2016లో మరో పరీక్ష చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నాటమైసిన్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి, కొన్ని రోజుల పాటు ఈ చుక్క వేసుకోవాలి. దినకూలీ మీద బతికే మేస్త్రీకి ఇది ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు.

మందుకు లొంగని పుండును, చిల్లుపడిన కార్నియాను కోసి తీసి, దాత ఇచ్చిన కార్నియాను కుడతారు. దేశంలో మొదటి నేత్ర నిధి 1945లో ఎగ్మూరు ఆసుపత్రిలోనే మొదలైంది. ఇక్కడ చూపు కన్నా ముందు కన్ను దక్కించుకోవడమే లక్ష్యం. ఆపరేషన్ జరిగిన మరునాడే పాత ప్రశ్న కొత్త రూపంలో ఎదురవుతుంది. మామూలు కార్నియా మార్పిడిలో శరీరం తిరస్కరించకుండా మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ వేస్తారు. ఇక్కడ అంచు నిండా ఎరుపు, లోపలికి పాకిన నాళాలు, మేలుకొని ఉన్న న్యూట్రోఫిల్స్ ఉంటాయి, తిరస్కరణ అవకాశం మిగతా చోట్ల కన్నా ఎక్కువ. అయినా అంచులో ఒక్క తంతువు మిగిలి ఉన్నా స్టెరాయిడ్ దాన్ని మళ్లీ పెంచుతుంది. కొందరు వైద్యులు ఈ వ్యవధిలో స్టెరాయిడ్‌కు బదులు సైక్లోస్పోరిన్ చుక్కలను ఎంచుకుంటారు, తిరస్కరణను అణచే ఆ మందుకు ఫంగస్ మీద కూడా కొంత ప్రభావం ఉండటం కలిసివచ్చే అంశం. ఆపరేషన్ తరువాత కూడా నాటమైసిన్ ఆగదు. కోసి తీసిన పాత కార్నియా ముక్క ప్రయోగశాలకు వెళుతుంది, దాని అంచుల్లో తంతువులు ఉన్నాయో లేవో చూస్తారు. ఆ నివేదిక అనుకూలంగా వచ్చి, సాధారణంగా రెండు వారాలు ఎరుపు పెరగకుండా గడిచేవరకు, స్టెరాయిడ్ సీసా మూత తీయరు.